ధకారంతో ఒక పద్యం చెప్పు చూద్దాం

రా, ఆ కుర్చీ వద్దు, ఇలా నులకమంచం మీద కూర్చో. కాళ్లు పైకి పెట్టుకో, కుంపటి కాస్త దగ్గరకు లాక్కో. బడిలో పిల్లలకు పద్యం ఎలా చెప్పాలి అమ్మమ్మా అని అడిగావు కదా. నేనేం పంతులమ్మను కాను. మాకు ఎలా చెప్పారో అదొక్కటే నాకు తెలుసు. అదే చెబుతాను. మధ్యలో ఆ ఫోను చూశావంటే మళ్లీ మొదటికొస్తాను, నీ ఇష్టం.

మాది తెనాలి పక్క పల్లెటూరు. బోర్డు బడి. తాటాకుల పాక, చుట్టూ మొలెత్తు మట్టిగోడ, మధ్యలో నిట్రాడు. ఒక మూల రెండో తరగతి ఎక్కాలు అరుస్తుంటే ఇంకో మూల నాలుగో తరగతి భూగోళం వల్లిస్తుండేది. ఎవరి చదువు వాళ్లకు వినిపించేది కాదు గాని ఎదుటివాళ్ల చదువు మాత్రం చక్కగా వచ్చేసేది. పలక మసకబడితే దొండాకూ బొగ్గూ కలిపి రుద్ది నల్లగా చేసుకునేవాళ్లం. బలపాలు కోమటి కొట్లో కానీకి దొరికేవి. కానీ అంటే నీకెక్కడ తెలుస్తుందిలే. నయాపైసలు వచ్చింది 1957 ఏప్రిల్లో. అంతకు ముందు రూపాయికి 16 అణాలు, అణాకు 4 కానులు. రెండణాలను బేడ అనేవాళ్లం, నాలుగణాలు పావలా. యుద్ధం రోజుల్లో అచ్చయిన చిల్లుకానులు ఇంకా చేతులు మారుతుండేవి. మగపిల్లలు వాటిని మొలతాడుకు గుచ్చుకుని గొప్పగా తిరిగేవాళ్లు. స్నానానికి వెళ్లి కాలవలో పోగొట్టుకుని ఏడిచేవాళ్లు, అది వేరే కథ.

ఏం చెబుతున్నాను? ఆఁ, పద్యాలు. సుమతీ శతకమో, వేమన పద్యాలో తిరనాళ్లలో నేలమీద పరిచి అమ్మేవాళ్లు, అణాకో బేడకో వచ్చేవి. అయినా ఊళ్లో ఏ పదిళ్లకో ఒక పుస్తకం ఉండేది. మాకు పుస్తకంతో పనేముంది? మా మూడో తరగతి పంతులుగారి నోరే మాకు పుస్తకం.

సాయంత్రం బడి వదిలే ముందు ఆఖరి అరగంట ఆయన పలకలు కట్టిపెట్టమనేవారు. లేచి నిలబడమనేవారు. ముందు తనొక్కరే పద్యం చదివేవారు. చదవడమంటే అప్పజెప్పడం కాదు సుమా. కళ్లు సగం మూసుకుని, తలపాగా తీసి బల్లమీద పెట్టి, మధురమైన పదం వచ్చినచోట ఒక్క క్షణం ఆగి, తనలో తనే నవ్వుకుని ముందుకు వెళ్లేవారు. ఆ నవ్వు ఎందుకో మాకు తెలిసేది కాదు. ఇందులో ఏదో ఉంది, మనకు అందడం లేదు అనిపించేది. ఆ తరవాత పాదం పాదం ఆయన అంటే మేం అనేవాళ్లం. పాడగా పాడగా రాగం, మూలగగా మూలగగా రోగం అన్నారు కదా. నాలుగు సాయంత్రాలు గడిచేసరికి పాకలో ఉన్న నలభైమంది పిల్లలకూ పద్యం వచ్చేసేది.

అర్థం మాత్రం చెప్పేవారు కాదు. ఆటలు మాత్రం ఆడించేవారు. సుమతీ పద్యాలన్నీ కందాలు కదా. మొదటి పాదం చిన్నది, రెండోది పెద్దది, మూడోది చిన్నది, నాలుగోది పెద్దది. చిన్నదానికి మూడు గణాలు, పెద్దదానికి అయిదు అని మాకు హైస్కూలుకు వెళ్లాక చెప్పారు. కాని మా కాళ్లకు ముందే తెలుసు. చిన్న పాదానికి మూడడుగులు, పెద్ద పాదానికి అయిదడుగులు వేయిస్తూ నిట్రాడు చుట్టూ తిప్పేవారు మరి! ఇంకో ఆట: ప్రతి పాదంలో రెండో అక్షరం దగ్గర ఒక దొంగ దాక్కున్నాడు, పట్టుకోండర్రా అనేవారు. వెతికితే నాలుగు పాదాల్లోనూ అదే హల్లు దొరికేది. ఒకరోజు వేమన పద్యం ఇచ్చి దొంగను పట్టమన్నారు. ఎంత వెతికినా దొరకడే! వేమనవి ఆటవెలదులు, వాటికి ప్రాస నియమం లేదు. మేం తికమకపడి గొడవపడుతుంటే ఆయన కూర్చుని హాయిగా చూశారు. ఆటవెలదికీ కందానికీ తేడా అంతకంటే బాగా ఎవరు చెప్పగలరు? కందం రాసినవాడే కవి, పందిని పొడిచినవాడే బంటు అని సామెత చెప్పి, ఎవరైనా కందం కట్టుకొస్తే తన కండువా ఇచ్చేస్తానన్నారు. కండువా ఆయన భుజం మీదే ఉండిపోయిందిలే.

అర్థం చెప్పకుండా పద్యం ఏమిటి, చిలకపలుకులు కావా అని నీ మొహం అడుగుతోంది. అడగడంలో తప్పులేదు. నీకంటే ముందే ఒకాయన అడిగాడు. బళ్లారి కలెక్టరు కాంప్‌బెల్ అని, 1823లో మన వీధిబళ్ల గురించి మద్రాసు ప్రభుత్వానికి నివేదిక పంపాడు. ధరంపాల్ గారు అలాంటి కాగితాలన్నీ కూర్చి 1983లో పుస్తకం వేస్తే మీ తాతగారు తెప్పించుకుని, రాత్రిపూట నాకు తెలుగులో చెబుతూ చదివారు. బడికి అందరికంటే ముందొచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవాళ్లట. రెండోవాడి చేతిలో సున్నా. మూడోవాడికి ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, అలా పెరుగుతూ పోయేవట. అదే నివేదికలో ఆయన ఫిర్యాదు కూడా రాశాడు. పిల్లలు లెక్కలేనన్ని పద్యాలు అప్పజెబుతారు గాని, వాటి అర్థం చిలకకు తెలిసినంతే వాళ్లకూ తెలుసునని.

ఆ దొర చూసింది నిజమే. అయితే ఆ పిల్లలకు నలభై ఏళ్లు వచ్చాక ఎవరూ వెళ్లి అడగలేదు. నేను చూశాను గనక చెబుతున్నా విను. మా పెదనాన్నకూ పక్క చేను ఆసామికీ గట్టు తగాదా. జానెడు గట్టు కోసం ఏళ్ల తరబడి తెనాలి కోర్టు చుట్టూ తిరిగారు. ఆ ఖర్చుతో అరెకరం కొనుక్కోవచ్చు, కాని పంతం ముందు లెక్కలు నిలుస్తాయా? ఒకసారి వాయిదాకు వెళ్తుంటే బస్సులో ఇద్దరికీ పక్కపక్క సీట్లు పడ్డాయి. ఒకరు కిటికీలోంచి, ఇంకొకరు ఎదురుగా చూస్తూ కూర్చున్నారు. మా పెదనాన్నకు ఊరికే ఉండలేక పద్యం గొణుక్కునే అలవాటు. ఆవేళ నోటికొచ్చింది సుమతిలో కోపం మీది పద్యం. మొదటి పాదం అయిందో లేదో, రెండో పాదం పక్కాయన అందుకున్నాడు! ఇద్దరిదీ ఒకే బడి, ఒకే పంతులు మరి. నాలుగో పాదం ఇద్దరూ కలిసి అన్నారట. అన్నాక ఒకరి మొహం ఒకరు చూసుకుని బస్సు కదిలిపోయేలా నవ్వారట. కోర్టు మెట్లు ఎక్కలేదు. హోటల్లో ఇడ్లీ తిని, వకీలుకు ఇవ్వాల్సింది చెరిసగం ఇచ్చి ఇంటికొచ్చారు. ఎనిమిదో ఏట నోటపట్టిన పద్యానికి నలభై ఎనిమిదో ఏట అర్థం తెలిసింది. ఆ వయసులో నోటికి రాకపోయి ఉంటే ఆ బస్సులో వచ్చేదా? మొక్కై వంగనిది మానై వంగునా?

ఇక శనివారం మధ్యాహ్నం పద్యాల పోటీ. దాని ముందు మీ సినిమా పాటల అంత్యాక్షరి ఏపాటి! అటు సగం, ఇటు సగం కూర్చునేవాళ్లం. ఒక పక్షం చెప్పిన పద్యం ఏ అక్షరంతో ముగిస్తే రెండో పక్షం ఆ అక్షరంతో మొదలయ్యే పద్యం చెప్పాలి. ఇందులో ఎత్తులు, పైఎత్తులు చాలా ఉండేవి. వేమన పద్యం చెబితే ఎదుటివాళ్లకు మకారం పడుతుంది. మకారం సులువు, పోతనగారి ప్రహ్లాదుడు మందారాన్నీ తుమ్మెదనూ పట్టుకుని ఆదుకునేవాడు. భాస్కర శతకం చెబితే రకారం. సుమతి చెబితే తకారం, దానికి మళ్లీ సుమతిలోనే జవాబుంది, ఇందాకటి కోపం పద్యమే. అసలు బ్రహ్మాస్త్రం దాశరథీ శతకం. భద్రాద్రి రామదాసుగారు ప్రతి పద్యం చివరా పెట్టిన మకుటం ధకారంతో ముగుస్తుంది. ధకారంతో పద్యం ఎక్కడ తెస్తావు? ఇళ్లకు పరిగెత్తి తాతల్ని లేపి అడిగేవాళ్లం. వారమంతా ఊళ్లో అదే గొడవ. చాకలి రేవులో, కమ్మరి కొలిమి దగ్గర కూడా, ధకారం ఒకటి చెప్పండి బాబాయ్ అని బతిమాలడమే. చివరికి కొలిమి దగ్గరే దొరికింది. కుబేరుడంతటివాడు స్నేహితుడై ఉండీ శివుడికి బిచ్చమెత్తక తప్పలేదని చెప్పే సుమతీ పద్యం. కమ్మరి తాత సమ్మెట పక్కన పెట్టి, చెమట తుడుచుకుని మరీ చెప్పాడు. ఆయనకు సంతకం రాదు. పద్యం వచ్చు.

చూశావా, బడి గోడ మొలెత్తే గనక పద్యం దాన్ని దాటి ఊళ్లోకి వెళ్లింది, ఊళ్లోంచి తిరిగి బడికీ వచ్చింది.

అన్నీ మంచి రోజులే అనుకోకు. పై తరగతిలో ఇంకో మాస్టారు ఉండేవారు. పేరెందుకులే, పోయినవారు. ఆయనకు పద్యం ఒక శిక్ష. ఆలస్యంగా వస్తే అయిదు పద్యాలు, మాట్లాడితే పది, తప్పు పోతే గోడకుర్చీ, మళ్లీ పోతే తొడపాశం. ఆయన దగ్గర నేర్చిన పద్యం ఒక్కటి కూడా నాకిప్పుడు గుర్తులేదు. ఆయన చదువు గొప్పదే, రాజమండ్రిలో చదువుకొచ్చిన మనిషి. కాని పద్యం చదువుతూ ఆయన ఒక్కసారైనా నవ్వుకోవడం మేం చూడలేదు. చదవేస్తే ఉన్న మతి పోయినట్టు, పద్యమంటే ఇష్టంగా ఉన్న పిల్లలు కూడా ఆ ఏడు పద్యమంటే పారిపోయారు.

సరే, చేదు ఎందుకు, దసరా సంగతి చెబుతాను. నోరూరుతుంది.

దసరా వచ్చిందంటే బడి వీధిలోకి వచ్చేది. మగపిల్లలకు వెదురుబద్దల విల్లంబులు, రంగుకాగితాలు చుట్టినవి. బాణం కొసన చిన్న గొట్టం. అందులో బంతిపూల రేకులూ బుక్కాగులాలూ కూరేవాళ్లు. ఆడపిల్లలం తలనిండా పూలు పెట్టుకుని వెనక నడిచేవాళ్లం. ముందు పంతులుగారు. ప్రతి ఇంటి అరుగు ముందూ ఆగి దసరా పద్యాలు ఎత్తుకునేవాళ్లం. ఇంటివాళ్లకు దీవెనలు, మధ్యలో హెచ్చరికలు: రేపు రమ్మనొద్దు, ఎల్లుండి రమ్మనొద్దు, ఇచ్చేదేదో ఇప్పుడే ఇవ్వండని. చివర బాణం వదిలితే ఇంటివాళ్ల నెత్తిన పూలు పడేవి. పంతులుగారికి రూపాయో అర్ధో, మాకు పుట్నాలపప్పూ బెల్లమూ.

ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదమ్మా. బతకలేక బడిపంతులు అన్నది ఉత్తినే పుట్టిన సామెత కాదు. వీధిబడి రోజుల్లో పంతులుకు జీతమంటూ లేదు, తల్లిదండ్రులిచ్చే గింజలూ డబ్బులే. ఏడాదికొకసారి వచ్చే ఈ దసరా మామూలుతోనే ఆయన ఇంట్లో కొత్తబట్టలు. బోర్డు జీతాలు వచ్చాకా చాలాకాలం ఆ ఆచారం నిలిచింది. ఎందుకంటే ఆ జీతమూ అంతంతమాత్రమే.

మా ఊళ్లో ఒక భూస్వామి ఉండేవాడు. ఎకరాలకు ఎకరాలు. పిల్లల కేకలు వీధి మొదట్లో వినిపించగానే పెరట్లోకి వెళ్లి గడ్డివాము వెనక నిలబడేవాడు. ఊళ్లో లేరని ఇంట్లోవాళ్లు చెప్పాలి. మా పంతులుగారు మొహమాటపడే మనిషి కాదు. "పాపం, ఊళ్లో లేరట. వారు వచ్చేదాకా వారి అరుగు మీదే చదువుకుందాం" అని మమ్మల్ని కూర్చోబెట్టారు. దసరా పద్యాలు అయిపోయాయి. సుమతి అయిపోయింది. వేమన ఎత్తుకున్నాం. పిసినారుల మీద వేమన ఎన్ని చెప్పాడో నీకు తెలుసు కదా? అవన్నీ వరసగా, ఆయన గడ్డివాముకు వినబడేట్టు! వీధంతా పోగయింది. ఆఖరికి ఆయన చొక్కాకు గడ్డిపరకలతోనే బయటికొచ్చి, ఇప్పుడే గుంటూరునుంచి దిగానని చెప్పి, రెండు రూపాయలూ తట్టెడు బెల్లమూ ఇచ్చాడు. ఆ మరుసటేటినుంచి మేం వెళ్లేసరికే అరుగు మీద కూర్చుని ఉండేవాడు. వేమన జోలికి పోకండర్రా అని ముందే బెల్లం చేతిలో పెట్టేవాడు.

1953 దసరా మాత్రం వేరు. అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రం వచ్చింది, వెంటనే పండగ. మా తరగతిలో పల్లెనుంచి వచ్చే ఒక పిల్లవాడు ఉండేవాడు. తలుపు పక్కన కూర్చునేవాడు, ఎక్కడ కూర్చోవాలో ఎవరూ చెప్పకుండానే తెలుసుకోవాల్సి వచ్చిన పిల్లవాడు. ఒక శనివారం పోటీలో వాడి వంతు వచ్చింది. లేచి కాటిసీను పద్యం ఎత్తుకున్నాడు. హరిశ్చంద్ర నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతం గారిదే అయినా, కాటిసీనులో నటులు పాడేవి జాషువాగారి శ్మశానవాటి పద్యాలు. రాత్రంతా నాటకం దూరాన నిలబడి విని నేర్చుకున్నాడు వాడు. ఆ గొంతు, ఆ రాగం ఏం చెప్పను! ఎక్కాలు అరిచే రెండో తరగతి కూడా ఆగిపోయింది. పంతులుగారు బల్లమీద పెట్టిన తలపాగా తీసి ఒళ్లో పెట్టుకుని మళ్లీ పాడమన్నారు. తరవాత జాషువాగారి సంగతి చెప్పారు. 1895లో వినుకొండలో పుట్టారని, చిన్నప్పుడు ఇలాంటి బడిలోనే కులం పేరున మాటలు పడ్డారని, ఇప్పుడు ఆ పద్యం లేకపోతే ఊళ్లవాళ్లు నాటకాన్నే ఒప్పుకోరని.

ఆ దసరాకు మా ఊరేగింపులో ముందు నడిచింది వాడే. మొదట వెళ్లింది పల్లెకే. ఎన్నడూ ఆ వీధికి వెళ్లని పంతులు ఇదేం పని అని రచ్చబండ దగ్గర గొణిగినవాళ్లు ఉన్నారు. ఆయన వినలేదు. పల్లెలో ఆడవాళ్లు వాకిళ్లు అలికి ముగ్గులు పెట్టి ఉంచారు. పుట్నాలు లేవు, జొన్నపేలాలూ బెల్లమూ పెట్టారు. మాలో కొందరు తినాలా వద్దా అని ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పంతులుగారు ముందు తను నోట్లో వేసుకున్నారు. ఆపైన ఎవరూ ఆగలేదు. ఆ పేలాల రుచి నాకింకా తెలుస్తూనే ఉంది.

నిద్రొస్తోందా? ఇంకొక్కటే. మిడిల్ స్కూల్లో ఒక టీచరమ్మ కరుణశ్రీగారి పుష్పవిలాపం చెప్పింది. ఘంటసాల రికార్డు అప్పటికే ఊళ్లో హోటలువాడు వేస్తున్నాడు, రాగం మాకు తెలుసు. కాని ఆమె మమ్మల్ని బడితోటలోకి తీసుకెళ్లి, మందారచెట్టు దగ్గర నిలబెట్టి, ఒక్కో పద్యం చదివింది. పూజకు పూలు కోయబోతే పువ్వే మాట్లాడుతుంది కదా అందులో. సగంలో ఆమె గొంతు పూడుకుంది. కొంగుతో కళ్లు ఒత్తుకుని, సిగ్గుపడకుండా మళ్లీ చదివింది. పెద్దవాళ్లు పద్యానికి ఏడుస్తారని నాకు తెలిసింది ఆరోజే. మర్నాడు మా వీధి ఆడపిల్లలం ఎవ్వరం పూలు కోయలేదు. మా అమ్మ ఖాళీ సజ్జ చూసి, దేవుడికి ఏం పెట్టనే అని కేకలేసింది. చదివి వినిపించాను. విని కాసేపు మాట్లాడలేదు. ఆవేళ మా ఇంట్లో అక్షింతలతోనే పూజయింది. మూడో రోజునుంచి మామూలుగానే పూలు కోశామనుకో. కాని అప్పటినుంచీ మా అమ్మ నేల రాలినవి ముందు ఏరుకునేది.

అందుకని నువ్వు ముందు నీకు బాగా ఇష్టమైన పద్యం ఒకటి పట్టుకెళ్లు. పాఠంలో ఉన్నదా, పరీక్షకు వస్తుందా అని చూడకు. భావం రాసిపెట్టకు. వాళ్ల ముందు నువ్వు చదువుకో, నీకు నచ్చినచోట ఆగు. వాళ్లు ఎందుకాగావని అడిగితే అప్పుడు చెప్పు. నేర్చినదాన్ని పక్క తరగతికో, గేటు దగ్గర కూర్చునే వాచ్‌మన్ తాతకో, ఇంటి దగ్గర నాయనమ్మకో వెళ్లి వినిపించి రమ్మను. అవతలివాళ్లు చెప్పిన పద్యం ఒకటి నేర్చుకుని రమ్మను. ఎవడైనా నోరు విప్పకపోతే వదిలెయ్, వాడు వింటున్నాడు. మా పంతులుగారు దసరా పప్పుబెల్లాలు పంచేటప్పుడు ఒక్క పద్యమూ పలకని పిల్లవాడికీ అందరితో సమంగా దోసిలి నింపేవారు.

ఆ గూట్లో డబ్బా దించు, పుట్నాలపప్పు ఉంది. బెల్లం నేను దంచిస్తాను, రేపు తరగతికి పట్టుకెళ్దువు గాని. అది దంచేలోపు నువ్వు చెప్పు, ధకారంతో పద్యం, కుబేరుడిది కాకుండా ఇంకొకటి.